చెడ్డ తిండి

ఆ ఇంటికి ముందు గది బేకరీ, వెనక గదులు కాపురం. ఇంటాయన తెల్లవారకముందే లేచి పిండి పిసుకుతాడు. ఎండ గడపలోకి వచ్చేసరికి ఇల్లంతా వేడి బన్నుల వాసన. ఆ రోజు కూడా ఓవెన్‌లోంచి తీసిన మొదటి బన్నును తుంచి, ఊది, నాలుగేళ్ళ కూతురి నోటి దగ్గర పెట్టాడు.

ఆ పిల్లని అందరూ పిట్ట అంటారు. పిట్ట రెండు చేతులతో నోరు మూసుకుంది.

"నాకొద్దు నాన్నా. అది చెడ్డ తిండి."

"ఎవరే చెప్పింది?"

"మా టీచరు."

పిట్ట టీచరంటే వేరెవరో కాదు, వాళ్ళమ్మే. వీధి చివర చిన్నపిల్లల బడిలో చెబుతుంది. బడిలో అమ్మని టీచరనే పిలవాలని పిట్టకి ఎంత పట్టుదలంటే, ఒక్కోసారి అది ఇంటిదాకా వచ్చేస్తుంది.

ఆయన ముక్కని పళ్ళెంలో పెట్టేసి కొట్టులోకి వెళ్ళిపోయాడు. కోడల్ని అనాల్సిందంతా అత్తగారే అంది.

"అమ్మాయ్, ఈ బన్నులమ్మి నా కొడుకుని ఇంతవాణ్ణి చేశాను. తండ్రి చేతి ముద్దని చెడ్డదంటుందా అది? ఏం నేర్పుతున్నావు నువ్వు బడిలో?"

"పిల్లలు కూరలు తినాలని చెప్పాను అత్తయ్యా. ఆయన్నేమీ అనలేదు."

"కూరలు తినిపిస్తే తినిపించుకో. మా పొట్టమీదెందుకు కొడతావు? సాయంత్రం బడి వదిలితే పిల్లలు మన కొట్టు మీదకి ఎగబడేవాళ్ళు. ఇప్పుడు దొంగల్లా తల దించుకుని పోతున్నారు!"

"ఊరుకోమ్మా," అంటూ ఆయన మళ్ళీ గుమ్మంలోకి వచ్చాడు. భార్య వైపు తిరిగాడు. "కొట్టుకి ఎవరు రాకపోయినా సర్దుకుంటాను. కానీ నా కూతురు నన్ను చూసి నోరు మూసుకుంది. అది మాత్రం నావల్ల కావట్లేదు."

"పిల్లల పళ్ళు పుచ్చిపోతుంటే చూస్తూ కూర్చోమంటారా? పొద్దున బన్నే, మధ్యాహ్నమూ బన్నే. నేనన్నదాంట్లో తప్పేముంది?"

విసురుగా చెప్పులేసుకుని, పిట్ట చెయ్యి పట్టుకుని బయటపడింది.

ఆమె ఉక్రోషానికి కారణం లేకపోలేదు. బడి వెనక రాళ్ళగుట్టని తోట చేసింది ఆమే. ఆకుకూర పేరెత్తితే ముక్కు మూసుకునే పిల్లలచేత విత్తనాలు చల్లించింది, నీళ్ళు పోయించింది. ఎవరికీ ఒక్క ముద్ద బలవంతంగా పెట్టలేదు. ముందు ముట్టుకోమంది, తర్వాత వాసన చూడమంది, ఆ తర్వాత "నాలికతో ఒకసారి పలకరించండి, నచ్చకపోతే ఉమ్మేయండి" అంది. ఉమ్మేసినవాళ్ళని కోప్పడలేదు, వారం తిరిగాక మళ్ళీ పలకరించమంది. అంత ఓపిక ఆమెకే చెల్లింది. ఇప్పుడా పిల్లలు క్యారెట్లని మట్టిలోంచి లాగి, కడుక్కుని, కరకర నమిలేస్తున్నారు. తల్లులు గేటు దగ్గర ఆపి మరీ మెచ్చుకుంటున్నారు.

అంత జాగ్రత్త మనిషీ ఒకనాడు తొందరలో "కూరలు మంచి తిండి, బన్నులు చెడ్డ తిండి" అనేసింది. పాటలా ఉందని పిల్లలు పట్టేసుకున్నారు. ఆమె మాత్రం మరిచిపోయింది.

మధ్యాహ్నం అందరూ డబ్బాలు విప్పారు. రెండు జడల పిల్ల ఒక్కతే గోడవైపు తిరిగి కూర్చుంది. డబ్బా ఒళ్ళో మూసే ఉంది.

"ఆకలి లేదా బంగారం?"

పిల్ల తలెత్తలేదు. డబ్బా మూతని గోటితో గీకుతూ అడిగింది.

"టీచర్, మా అమ్మ చెడ్డదా?"

"ఎవరన్నారమ్మా?"

"బన్ను పెట్టింది. పొద్దున్నే పనికి పోవాలి కదా, అందుకని."

టీచరుకి పొద్దున అత్తగారి మాటలు, భర్త మొహం ఒక్కసారిగా గుర్తొచ్చాయి. ఆ పిల్ల పక్కనే నేలమీద చతికిలబడి, "నాకో ముక్క పెడతావా?" అనడిగింది. పిల్ల అనుమానంగా డబ్బా తెరిచి తుంచి ఇస్తే, అందరూ చూస్తుండగా తిన్నది.

"పిల్లలూ, నేనో మాట తప్పు చెప్పాను."

"టీచర్లు కూడా తప్పు చెప్తారా?" పిట్ట నోరు తెరిచింది.

"చెప్తారు. తెలిశాక దిద్దుకుంటారు. చెడ్డ తిండి అని ఏదీ లేదు. కొన్ని రోజూ తింటాం, కొన్ని అప్పుడప్పుడు తింటాం. మనకి పెట్టిన చెయ్యి మాత్రం ఎప్పుడూ మంచిదే."

సాయంత్రం తిన్నగా కొట్టులోకి వెళ్ళింది. అత్తగారు అక్కడే ఉంది.

"ఏమండీ, పొద్దున నేను అడ్డంగా వాదించాను. కూరలంటే ఇష్టం పెంచబోయి, మీరు చేసిందంటే ఏవగింపు పెంచాను." ఆయన ఎదురుగా వచ్చి నిలబడింది. "రేపు బడికి రండి. పాలకూర కోతకొచ్చింది. పిల్లలకి పిండి కలపడం చూపించండి."

"నేనా? నలుగురిలో నాకు నోరు పెగలదు."

"నోరెందుకురా, చేతులున్నాయిగా!" అంది అత్తగారు. కాస్త ఆగి, కోడలి వైపు చూడకుండానే, "మైదా వద్దు, గోధుమపిండి పట్టుకెళ్ళు. చక్కెర కూడా తగ్గించు. మీ ఆవిడ అనకముందే నేనే అనేస్తున్నా," అంది.

అత్తాకోడళ్ళిద్దరికీ ఒకేసారి నవ్వొచ్చింది.

మర్నాడు పిల్లలు పాలకూర కోశారు, కడిగారు, చిన్నచిన్న ముక్కలుగా తుంచారు. ఆయన ఆ ముక్కల్ని పిండిలో కలిపి, గుడ్డ కప్పాడు. "పిండి నిద్రపోతోంది, అరిస్తే లేస్తుంది," అన్నాడు మెల్లగా. బడి బడంతా గుసగుసల్లోకి దిగిపోయింది. నోరు పెగలదన్న మనిషిని పిల్లలు ప్రశ్నలతో ఊపిరాడనివ్వలేదు. పిండి పొంగాక తలో ఉండ చేశారు. పిట్ట తన ఉండకి ముక్కూ కళ్ళూ కూడా పెట్టింది. ట్రేలు పట్టుకుని అందరూ బారుగా బేకరీకి నడిచారు. బన్నులు కాలాక, పచ్చ చుక్కల బన్నుని పిట్ట ముక్కుతో సహా తినేసింది.

రెండు జడల పిల్ల తనది సగమే తిని, మిగతాది డబ్బాలో దాచుకుంది.

చీకటి పడుతుండగా ఆ పిల్లని వెంటబెట్టుకుని వాళ్ళమ్మ కొట్టుకొచ్చింది. ఇంకా పని బట్టల్లోనే ఉంది.

"పనినుంచి వచ్చీ రాగానే నా నోట్లో పెట్టిందండీ. నేను మింగేదాకా కదల్లేదు. 'బాగుందా అమ్మా, నేనే పండించా' అంటూ ఒకటే అడగడం." ఆమె కొంగుతో కళ్ళొత్తుకుంది. "ఇంతకాలం దానికి నేనే పెట్టాను. అది నాకు పెట్టడం ఇదే మొదలు. ఎవరు నేర్పారండీ దీనికి?"

బేకరీ ఆయన పిండి చేతులు దులుపుకున్నాడు. పక్కనున్న భార్యని ముందుకి తెచ్చి నిలబెట్టాడు.

"మా ఆవిడండీ," అన్నాడు.

టీచరు వంగి రెండు జడల పిల్లని దగ్గరకి తీసుకుంది. కళ్ళు ధారగా కారుతున్నాయి.