తూము మలుపులో తెల్లదుప్పటి

అల్లవరం వైపు నుంచి అమలాపురం వెళ్ళే కాలవగట్టు దారిలో తూము మలుపని ఒకటుందండి. చీకటిపడ్డాక ఆ మలుపు మీదుగా రమ్మంటే ఆటోవాళ్ళు పనుందంటారు, కడుపునొప్పంటారు, ఇంకా గట్టిగా అడిగితే ఫోను ఎత్తడం మానేస్తారు.

పగలు చూస్తే అందులో ఏమీ లేదు. టౌనుకి వెళ్ళేటప్పుడు కుడిచేతివైపు కాలవ, ఎడమచేతివైపు వరిచేలు, నడుమ ఇరుకు తారురోడ్డు. పాత తూము దగ్గర రోడ్డు ఉన్నట్టుండి మెలి తిరుగుతుంది, అంతే.

రాత్రయితే మాత్రం... తెల్లగా ఒకటి లేచి నిలబడుతుందట. నిలబడి చెయ్యి ఊపుతుందట. పొమ్మని కాదు — కాలవ వైపుకి రమ్మని. పాలవ్యాను డ్రైవరు చూసేడు. రొయ్యల లారీవాళ్ళు చూసేరు. చూసినవాళ్ళలో ఒక్కడైనా ఆగి, నువ్వెవరని అడిగిన పాపాన పోలేదు.

ఆ మలుపుకి ఈ దెయ్యం పేరు రావడానికి కారణం రెబెకా. ఊళ్ళో ఎలిమెంటరీ స్కూల్లో టీచరు. ఆమె భర్త హర్ష టౌన్లో కాలేజీ లెక్చరరు. రెండేళ్ళ కిందట డిసెంబరులో, క్రిస్మస్ బట్టలు కొనుక్కుని ఇద్దరూ కారులో ఇంటికొస్తున్నారు. బండి నడుపుతున్నది రెబెకా. ఎల్ బోర్డు తగిలించి అప్పటికి మూడు వారాలు. గేరు మార్చినప్పుడల్లా పక్కనుంచి హర్షది ఒకటే మాట — "నెమ్మదిగా పోనియ్యి, తల్లీ." పెళ్ళాన్ని పట్టుకుని తల్లీ అనడమేంటని ఆమె నవ్వేది. అది వాళ్ళమ్మ దగ్గర పట్టుకున్న మాట.

మలుపు తిరిగేరు. లైట్ల వెలుగులో రోడ్డు మధ్యన తెల్లగా ఏదో పడుకుని ఉంది. పొడుగ్గా... మనిషంత. రెబెకా స్టీరింగు కాలవ వైపుకి లాగేసింది.

ఆ తర్వాత ఆమెకి గుర్తున్నవి రెండే. నోటినిండా బురదనీళ్ళు. ఎవరిదో చెయ్యి జుట్టు పట్టుకుని పైకి లాగడం. కళ్ళు తెరిచేసరికి గట్టు మీద ఉంది, చుట్టూ జనం. హర్షని తెల్లవారుజామున తీసేరు.

రోడ్డు మీద తెల్లది పడుకుని ఉందని కనపడిన వాళ్ళందరికీ చెప్పింది. వెళ్ళి చూస్తే అక్కడ ఏమీ లేదు. జుట్టు పట్టి లాగిందెవరో అదీ ఎవరికీ తెలీదు. కొత్తగా నేర్చుకుంటున్నావిడ, మలుపు అందుకోలేకపోయిందని పోలీసులు రాసుకున్నారు. ఊరు మాత్రం దెయ్యమని తేల్చేసింది.

అత్తగారు సువార్తమ్మ గారు దెయ్యాన్ని ఒప్పుకోలేదు. "దెయ్యమూ లేదు, గియ్యమూ లేదు. నా కొడుకుని ఇదే ముంచేసింది" అని సమాధుల తోటలో నలుగురి ముందూ అనేసేరు. ఆ రోజు నుంచి కోడల్ని పేరు పెట్టి పిలవలేదు. ఒకే ఇంట్లో ఉంటారు, ఒకే గిన్నెలో అన్నం తింటారు. అన్నం పెట్టేనండీ అంటుంది ఈవిడ, ఊఁ అంటారు ఆవిడ. అంతవరకే.

మాట పడటమైనా ఓర్చుకోవచ్చండి. దానికంటే ఘోరం, రెబెకా కూడా ఆ మాటే నిజమని నమ్మడం మొదలెట్టింది. తెల్లదీ లేదు, నల్లదీ లేదు, నాకు బండి రాక నా మనిషిని నేనే చంపుకున్నాను అనుకుంది. రాత్రుళ్ళు పడుకుని చేతులు చూసుకునేది.

కారు అదే ఉంది. కాలవలోంచి తీసి బాగు చేయించేరు. కొడుకు వస్తువని సువార్తమ్మ గారు అమ్మనివ్వలేదు. తలుపు తీస్తే ఇప్పటికీ సీట్లలోంచి బురదవాసన వస్తుంది. స్కూల్లో తోటి టీచరు సత్యవాణి ఊరుకునే రకం కాదు. షెడ్డులో పెట్టుకుని రోజూ దాన్ని చూసి ఏడుస్తున్నారు కదా, ఎక్కి కూర్చుని ఏడవండి, కనీసం అద్దాల మీద దుమ్మైనా పోతుందని చెప్పి, చెయ్యి పట్టుకుని అమలాపురంలో డ్రైవింగ్ స్కూలుకి తీసుకెళ్ళింది.

నేర్పే ఆయన కృష్ణమోహన్ గారు, భూదేవంత ఓర్పు. రోడ్డు మీద ఆవు కనపడినా, తెల్లచొక్కా కనపడినా, ఆఖరికి గాలికెగిరిన సంచీ కనపడినా రెబెకా రెండు కాళ్ళతో బ్రేకు తొక్కేసేది. బండి ఎగిరిపడి ఆగిపోయేది. వెనకాల వచ్చేవాళ్ళు తిట్టేవాళ్ళు. "పర్లేదండీ మేడమ్ గారూ, మళ్ళీ స్టార్ట్ చెయ్యండి" అనేవారు ఆయన. అలా మూడు నెలలు కుస్తీ పట్టి, లైసెన్సు తెచ్చుకుంది. గ్రౌండులో ఎనిమిది అంకె తిప్పి చూపించింది. ఊరి రోడ్డు మీద ఒక్కతే తిప్పింది.

ఒక్క తూము మలుపే మిగిలిపోయింది. అక్కడికి రాగానే బండి ఆపి దిగిపోయేది. ఆయన దాటించి అవతల ఆపితే, ఈవిడ చేతిసంచీ గుండెలకి హత్తుకుని నడిచి దాటి, మళ్ళీ ఎక్కేది. ఇవాళ కాకపోతే రేపు అనేవారు ఆయన. మూడు నెలల్లో ఆ రేపు రాలేదు.

అదొచ్చిన రాత్రి మొన్న డిసెంబరులో. వాయుగుండం పట్టి రెండ్రోజులుగా ముసురు. పదకొండు గంటలప్పుడు సువార్తమ్మ గారు మంచం మీద లేచి కూర్చుని, గుండె మీద చెయ్యేసుకుని, మాట రాక కోడలి వైపు చూసేరు. ఒళ్ళంతా చెమట. ఊళ్ళో ఆర్.ఎం.పి. డాక్టరు వచ్చి చూసి, ఇది నా చేతిలో లేదమ్మా, గంటలో అమలాపురంలో ఉండాలన్నాడు. అంబులెన్సుకి చేస్తే దగ్గర్లో బండి లేదు, వచ్చేసరికి గంటన్నర పడుతుందన్నారు. రెండో దారిలో చెట్టు కూలింది. ఆటోవాడి సంగతి మీకు ముందే చెప్పేను కదా.

ఇక మిగిలింది షెడ్డులో కారు.

పక్కింటి అచ్చాయమ్మ సాయం పట్టింది. పెద్దావిడని వెనకసీట్లో పడుకోబెట్టేరు. నువ్వూ రా పిన్నీ అని రెబెకా బతిమాలింది. ఇంటి దగ్గర కూర్చుని తెల్లవార్లూ ప్రార్థన చేస్తాను గానీ ఆ మలుపు మీదుగా మాత్రం రానమ్మా అంటూ అచ్చాయమ్మ గడప లోపలికి వెళ్ళిపోయింది.

రెబెకా ఒక్కతే కూర్చుంది. తాళంచెవి మూడుసార్లు జారిపోయింది. కొడుకుని ముంచేను, ఇప్పుడు కన్నతల్లిని కూడా అదే కాలవలో కలిపేస్తానా... ఆ ఆలోచనతోనే బండి కదిలించింది.

వాన. అద్దం తుడిచే కర్రల చప్పుడు. వెనకసీట్లోంచి సన్నగా మూలుగు. ఆ మూలుగు వినపడుతున్నంతసేపూ మనిషి ఉన్నట్టే అనుకుంటూ, దాని మీదే చెవి పెట్టి నడిపింది.

తూము కనపడింది.

ఎప్పుడూ దిగిపోయే చోట కాలు దానంతటదే బ్రేకు మీదికి వెళ్ళింది. దిగితే దాటించేవాళ్ళు లేరు. ఒకటో గేరు వేసింది. మలుపు తిరిగింది...

లేచింది.

రోడ్డు మధ్యన, నేలలోంచి లేచినట్టు — తెల్లగా. వానలో తడుస్తూ నిలబడింది. చెయ్యి ఊపింది. కాలవ వైపుకి... ఇటు రా... ఇటు రా...

రెండు కాళ్ళూ బ్రేకు మీద పడ్డాయి. బండి ఎగిరిపడి ఆగిపోయింది. తాళం తిప్పింది. అంటుకోలేదు. మళ్ళీ తిప్పింది. తెల్లది నడిచి వస్తోంది. అప్పుడు తెలిసింది రెబెకాకి... వెనకాల మూలుగు ఆగిపోయింది.

"అత్తయ్య గారూ..."

పలుకు లేదు.

ఇక భయపడటానికి కూడా ఆమె దగ్గర ఏమీ మిగల్లేదండి. తలుపు అద్దం దించేసింది. వాన మొహాన కొట్టింది. రెండు చేతులూ జోడించింది.

"మీరెవరైనా సరే... మా అత్తగారు చచ్చిపోతున్నారు. దారియ్యండి."

దెయ్యాన్ని కూడా మీరూ, అండీ అనడం మా కోనసీమ వాళ్ళకే చెల్లింది. ఆ చీకట్లోంచి జవాబు కూడా అలాగే వచ్చింది.

"ఆయ్... ఇస్తానండీ."

టార్చిలైటు వెలిగింది. తలమీంచి తెల్లదుప్పటి కప్పుకుని, నీళ్ళోడుతూ, వణికిపోతున్న ముసలాయన. కూతవేటు దూరంలో ఉన్న ఊళ్ళో కౌలు చేసుకునే శివనాగరాజు. ఎడమపక్కంతా వడ్లున్నాయండీ, పైన కప్పిన బరకం పట్టా మీద చక్రమెక్కితే జారిపోతారు, కాలవ వైపు బండి పట్టేంత చోటుంది, అటు తీసుకోండని చెబుతూ లైటు లోపలికి వేసేడు. వేసినవాడు అలాగే ఆగిపోయేడు.

"మీరాండి..." అన్నాడు.

మా వైపు ధాన్యం ఆరబోసుకోవడానికి తారురోడ్డే కళ్ళమండి. తేమ తగ్గకపోతే కొనేవాడుండడు, మరి ఎక్కడ పొయ్యాలి? సగం రోడ్డు మీద వడ్లు పోసి, రాత్రికి బరకం కప్పి, అంచున రాళ్ళు పెట్టి, పక్కన ఒకళ్ళు దుప్పటి కప్పుకుని కాపలా పడుకుంటారు. అందరూ చేసేదే. తప్పని ఎవరికీ తోచదు.

బండి అంటుకోక ఆమె తాళం తిప్పుతుంటే, రెండేళ్ళ కిందట ఆ రాత్రి రోడ్డు మధ్యన పడుకున్నది తనేనని శివనాగరాజు గబగబా చెప్పేసేడు. వడ్లు ఇటు ఉన్నాయి కదా, బళ్ళు అటు పోతాయిలే అనుకుని నిద్రపోయేడట. లైట్లు కళ్ళలో పడేసరికి లేవలేకపోయేడు. కారు తన మీదికి రాకుండా పక్కకి తిరిగి నీళ్ళలో పడింది. దూకేడు. ఒకళ్ళని లాగేడు. రెండోవాళ్ళ కోసం మూడుసార్లు మునిగేడు, దొరకలేదు. కాపలాకి తోడొచ్చిన వాళ్ళావిడ కేకలేసింది. కేసవుతుందని భయపడి, జనం వచ్చేలోగా ఇద్దరూ కలిసి బరకంతో సహా వడ్లన్నీ చేలోకి లాగేసేరు. పొద్దున్నకి రోడ్డు ఖాళీ.

"మీకు బండి రాదన్నారండీ అందరూ. నేను వింటూ ఊరుకున్నాను. మీరు తిప్పకపోతే నేను లేనండీ."

అప్పట్నుంచీ తను రోడ్డు మీద గింజ పొయ్యలేదు. పోసే మిగతావాళ్ళకి చెబితే వినరు. అందుకని కోతల రోజుల్లో రాత్రంతా ఇక్కడే కాపలా ఉండి, బళ్ళని వడ్లకి దూరంగా, కాలవ పక్కన ఖాళీలోకి రమ్మని చెయ్యి ఊపుతున్నాడు. చూసినవాళ్ళు దెయ్యమని పారిపోతున్నారు. ఎవరికీ చెప్పుకోలేదు.

రెబెకాకి కోపం రావాలి. ఏడుపు రావాలి. ఏదీ రాలేదు. గొంతులోంచి ఒక్కటే వచ్చింది.

"ఆయన్ని ఎందుకు లాగలేదండీ?"

ముసలాయన తలుపు పట్టుకున్నాడు.

"ముందు దొరికింది ఆయన చెయ్యేనండీ. పట్టుకుని లాగేను. ఆ చెయ్యి విడిపించుకుంది... మీ జుట్టు తెచ్చి నా చేతిలో పెట్టింది. మళ్ళీ నాకు దొరకలేదండీ."

వాన పడుతూనే ఉంది.

రెబెకా కళ్ళు తుడుచుకుని తాళం తిప్పింది. ఈసారి అంటుకుంది. లైటు కొంచెం ఎత్తి పట్టుకోండి, కనపడటం లేదంది. శివనాగరాజు కాలవ అంచున వెనక్కి వెనక్కి నడుస్తూ వెలుగు చూపించేడు. ఎడమపక్క బరకం అంచున రాళ్ళు. కుడిపక్క నల్లగా నీళ్ళు. వెనకచక్రం కింద గట్టు మట్టి జారిన చప్పుడైంది. ఆమె కాళ్ళు మళ్ళీ బ్రేకు మీదికి పోబోయేయి. ఇప్పుడు బండి ఎగిరిపడితే కాలవే.

అప్పుడు వినపడింది. సన్నగా, చెవి పక్కనే.

"నెమ్మదిగా పోనియ్యి, తల్లీ."

అత్తగారే! బతికే ఉన్నారు. ఆ ఒక్క మాటకి రెబెకా కాలు కుదురుకుంది. క్లచ్చి మెల్లగా వదిలింది. బండి పాకినట్టు పాకి, రాళ్ళు దాటి, తూము దాటి, మలుపు దాటింది. వెనకాల టార్చిలైటు చాలాదూరం కనపడుతూనే ఉంది.

సువార్తమ్మ గారు బతికేరు. ఇంకో పది నిమిషాలైతే చెయ్యగలిగిందేమీ లేకపోయేదని డాక్టరు అన్నాడు. మూడోరోజు మాట్లాడనిచ్చేరు. రెబెకా మంచం పక్కన కూర్చుని జరిగిందంతా చెప్పింది. చెయ్యి విడిపించుకున్న దగ్గరికొచ్చేసరికి ఆవిడ కళ్ళు మూసుకున్నారు. చాలాసేపు ఏడ్చేరు. తర్వాత కోడలి చెయ్యి తడుముకుని పట్టుకున్నారు.

"రెబెకా..." అన్నారు. రెండేళ్ళయింది ఆ నోట ఆ పేరు విని. "పాపం చేసేనే నీకు."

అలా అనకండి అత్తయ్య గారూ, ఆ రాత్రి మీరు ఆ ఒక్క మాట అనకపోతే నేను మలుపు దాటేదాన్ని కాదంది రెబెకా.

"ఏ మాట?"

చెప్పింది.

పెద్దావిడ తల అడ్డంగా ఊపేరు. మన వీధి దాటేక నాకేమీ తెలీదే, కళ్ళు తెరిచింది ఈ మంచం మీదే అన్నారు. పట్టుకున్న చెయ్యి మాత్రం వదల్లేదు.

"ఆ మాట వాడికి నేర్పింది నేనేనమ్మా... కానీ ఆ రాత్రి అన్నది నేను కాదు."