ఉల్లిగడ్డలకు పోయిన కంప్రెసర్

"పాత ఇనుప సామాన్లకు ఉల్లిగడ్డలూ... పాత ప్లాస్టిక్ సామాన్లకు ఉల్లిగడ్డలూ..."

అదే మైకు! అదే గొంతు!

విఠల్ స్కూటర్‌ను ఒక్కసారిగా ఎడమ సందులోకి తిప్పుతాడు. వెనక కూర్చున్న కురుమమ్మ అతని చొక్కా గట్టిగా పట్టుకుంటుంది. హుక్కుకు వేలాడుతున్న ఉల్లిగడ్డల సంచి అతని మోకాలికి తగులుతుంది.

చిక్కడపల్లి. సాయంత్రం ఐదు గంటల ఇరవై నిమిషాలు.

"ఆరున్నర దాంకనే టైమిచ్చిండు సారూ!"

"తెల్సమ్మా! ఊకె యాది చెయ్యకు!"

సందు చివర నీలం టార్పాలిన్ ఉన్న ట్రాలీ ఆటో. మైకు మోగుతూనే ఉంది.

విఠల్ స్కూటర్ దిగి ట్రాలీ మీదికి ఎక్కేస్తాడు. పాత కూలర్... విరిగిన సైకిల్... నూనె డబ్బాలు... తుప్పు రేకులు...

కంప్రెసర్ లేదు!

"ఓ అన్నా! దిగు! ఏం దేవులాడుతున్నవ్?" ఆటో అతను అరుస్తాడు.

"పొద్దుగాల ఈ గల్లీల తిరిగింది నువ్వే గదా? నల్లగ, గుండ్రటి కంప్రెసర్ ఎవరన్న ఇచ్చిన్రా?"

"నేను పొద్దుగాల రామ్‌నగర్ల ఉన్న."

"మరి మైకుల గదే గొంతు?"

"అందరి మైకుల గదే గొంతన్నా. ఒక్కటే రికార్డింగు."

విఠల్ నెత్తి కొట్టుకుంటాడు. హైదరాబాద్‌లో ఎన్ని ఉల్లిగడ్డల ఆటోలున్నాయో దేవుడికే తెలియాలి. అన్నింటికీ ఒక్కటే గొంతు!

విఠల్‌కు యాభై మూడేళ్లు. ఇరవై ఎనిమిదేళ్లుగా చిక్కడపల్లిలో ఫ్రిజ్ మెకానిక్. చేతిలో పని ఎంత ఉందో నోట్లో విసుగు కూడా అంతే ఉంటుంది.

నాలుగు రోజుల కింద మాసయ్య ఫోన్ చేశాడు. హుస్సేన్ సాగర్‌లో పార్టీలకు కిరాయికిచ్చే మోటారు బోటు ఒకటుంది. దానికి అతను డ్రైవర్. బోటులో ఫ్రిజ్ చల్లబడటం లేదన్నాడు.

విఠల్ వెళ్లాడు. నడుం వంచే జాగా కూడా లేదు. తిట్టుకుంటూనే పాత కంప్రెసర్ పీకి కొత్తది బిగించాడు.

"పాతది మీరే తీస్కపోండ్రి సారూ. ఇంటికాడ ఒక్కపారి ఇప్పి చూడుండ్రి," అన్నాడు మాసయ్య. ఒకసారి కాదు... మూడుసార్లు!

"నాకు నేర్పకు. మార్చిన పార్టు మెకానిక్‌దే. గది మా లైన్ల పద్ధతి," అని విఠల్ కసిరాడు. తెచ్చి బాల్కనీలో పడేశాడు. విప్పలేదు.

ఈ రోజు నాలుగున్నరకు బోటు ఓనర్ అభిరామ్ ఫోన్ చేశాడు. నిన్ననే గోవా నుంచి దిగాడట.

"నా పాత కంప్రెసర్ ఏది?"

"సార్, అది చచ్చిపోయిన..."

"ఆరున్నరకు అది నా బోటు మీదుండాలె. లేకుంటే మాసయ్య సాగర్ అడుగునుంటడు. పోలీస్ కనపడ్డా అంతే!"

వెనక మాసయ్య కేక వినిపించింది.

సరిగ్గా అప్పుడే కురుమమ్మ షాపు ముందు నిలబడి ఉంది. మాసయ్య భార్య. బిల్డింగ్ పని నుంచి నేరుగా వచ్చింది, చేతులకు ఇంకా సిమెంటు ఉంది. రాత్రి మొగుడు ఇంటికి రాలేదని అడగడానికి వచ్చింది. ఫోన్ స్పీకర్‌లో ఉండటంతో ఆ కేక ఆమె కూడా విన్నది.

విఠల్ ఇంటికి పరుగెత్తాడు. బాల్కనీ ఖాళీ!

"పొద్దుగాల ఉల్లిగడ్డలాయనకిచ్చిన," అన్నది భార్య దమయంతి. "మూడు కిలోలిచ్చిండు."

"నన్నొక్క మాట అడగొద్దా!"

"ఇరవై ఎనిమిదేండ్ల సంది పాత సామాన్ ఇస్తనే ఉన్న. ఎన్నడన్న అడిగిన్నా? చచ్చిందని మీరే అన్నరు గదా!"

విఠల్ ఉల్లిగడ్డల సంచి లాక్కున్నాడు. ఇచ్చేసి తిరిగి తీసుకోవచ్చని ఆశ.

"ఆటో ఎట్లున్నది?"

"వెనక నీలం టార్పాలిన్ ఉన్నది."

అంతే. నీలం టార్పాలిన్. ఒక్కటే గుర్తు.

* * *

నారాయణగూడ. ఫ్లైఓవర్ కింద ట్రాఫిక్ కదలదు... మెదలదు...

ఐదు ముప్పై ఎనిమిది.

"సారూ! గదో నీలం పట్ట!"

నిజమే! యాభై గజాల ముందు ట్రాలీ ఆటో. నీలం టార్పాలిన్!

విఠల్ హారన్ కొడతాడు. ముందు బస్సు... పక్కన కారు... సిగ్నల్ రెడ్! హారన్ కొడితే సిగ్నల్ మారుతుందా? అయినా కొడతాడు.

కురుమమ్మ ఆగదు. దూకేస్తుంది. చీర కుచ్చిళ్లు ఎగదోపుకుని బండ్ల మధ్య పరుగు తీస్తుంది. ఆటోను అందుకుంటుంది. టార్పాలిన్ పట్టి లాగుతుంది!

కొబ్బరి బోండాలు!

నాలుగు బోండాలు రోడ్డు మీద దొర్లుతాయి. డ్రైవర్ తిట్లు లంకించుకుంటాడు. విఠల్ ఏడవలేక స్కూటర్ హ్యాండిల్‌ను గుద్దుతాడు. గోరుచుట్టు మీద రోకటిపోటు... ఫోన్ మోగుతుంది.

అభిరామ్!

"ఎక్కడున్నవ్?"

"వ... వస్తున్న సార్. నారాయణగూడల ట్రాఫిక్..."

"కంప్రెసర్ చేతిల ఉన్నదా? లేదా?"

"ఉన్నది సార్!"

"ఓపెన్ చేసినవా?"

ఆ ప్రశ్న విఠల్ చెవిలో ముల్లులా దిగుతుంది. చచ్చిన కంప్రెసర్‌ను ఓపెన్ చేశావా అని ఏ ఓనర్ అడుగుతాడు?

"లేదు సార్."

"గుడ్. చెయ్యకు."

కట్!

* * *

అశోక్ నగర్‌లో కోచింగ్ సెంటర్లు అప్పుడే వదిలారు. రోడ్డంతా పిల్లలే. అందరి వీపులకూ బ్యాగులు, చేతుల్లో టీ గ్లాసులు.

స్కూటర్ నడిచిపోయే మనిషి కన్నా నెమ్మదిగా పోతోంది.

"మా తమ్ముడు కళ్యాణ్ ఈడనే సదివిండు సారూ," కురుమమ్మ వెనక నుంచి అంటుంది. "అమ్మ పోయినంక నేనే సాదిన. పొద్దంత సదువు, సాయంత్రం గదే బోటు మీద పని. మూడు వారాలాయె... తుపాకితోని కాల్చిన్రు. సాగర్ల తేలిండు."

విఠల్ బ్రేక్ వేయబోయి ఆగుతాడు.

"ఎవరమ్మా?"

"తెల్వదు. దొంగలని ఓనరు చెప్పిండు. గజఈతగాళ్లు మూడు దినాలు మునిగి దేవులాడిన్రు. గేటు కాడ అందరి సంచులు చూసిన్రు. బోటంత చూసిన్రు. తుపాకి దొర్కలే. తుపాకి దొర్కక కేసు ఆగింది."

ఆమె ఆగదు. మాట్లాడుతూనే ఉంటుంది. మాట్లాడకపోతే ఏడుపొస్తుందేమో.

"గా దినం నుంచే ఫ్రిజ్ ఖరాబైందట. ఓనరు ముట్టొద్దన్నడట. మా ఆయననే ఇనలే. పార్టీ ఉంది, ఐసు గావాలె అని మీకు ఫోన్ జేసిండు..."

అప్పుడు వినిపిస్తుంది.

"...ఇనుప సామాన్లకు ఉల్లిగడ్డలూ..."

టీ కొట్టు పక్కన ట్రాలీ. నీలం టార్పాలిన్!

విఠల్ స్కూటర్‌ను స్టాండ్ కూడా వేయడు. పక్కకు వదిలేసి పరుగెత్తుతాడు. టార్పాలిన్ ఎత్తుతాడు. ఇనుప కుర్చీ కింద... నల్లగా... గుండ్రంగా...

కంప్రెసర్!

"ఏయ్! ముట్టకు!" టీ గ్లాసు పట్టుకుని ఆటో డ్రైవర్ పెద్దులు వస్తాడు.

"ఇది నాది. నా భార్య తెల్వకిచ్చింది. ఇగో, నీ ఉల్లిగడ్డలు నువ్వు తీస్కో."

"ఇచ్చినంక అయిపాయె. వాపస్ బేరాలు నేను చెయ్య. మస్తు రాగి తీగ ఉంటది దాంట్ల."

కురుమమ్మ ముందుకొస్తుంది. కంప్రెసర్ మీద రెండు చేతులూ వేస్తుంది.

"అన్నా... నా మొగని పానం గీ డబ్బల ఉన్నది. ఆరున్నరకు ఇయ్యకుంటే సంపుతరు. నీ కాల్మొక్త."

పెద్దులు ఆమె చేతుల సిమెంటు వంక చూస్తాడు. టీ పారబోస్తాడు.

"తీస్కపో అక్కా. ఉల్లిగడ్డలు గూడ ఉంచుకో. జల్ది పో!"

విఠల్ కంప్రెసర్ ఎత్తి ఊపుతాడు. నూనె చప్పుడు లేదు! టక్... టక్... ఏదో గట్టిది లోపల తగులుతోంది. తిప్పి చూస్తాడు. నడుం చుట్టూ వెల్డింగ్. వంకర టింకర... కంపెనీ వాడు చస్తే అలా వేయడు! పైన నల్ల రంగు పూశారు.

ఇరవై ఎనిమిదేళ్ల సర్వీసు! ఇది చూసుకోలేదు! మాసయ్య మూడుసార్లు చెప్పినా విసుక్కున్నాడు. విఠల్‌కు తన చెంప తనే వాయించుకోవాలనిపిస్తుంది.

* * *

దోమలగూడలో ఓదెలు గ్రిల్స్ షాపు. ఓదెలు విఠల్‌కు పాత దోస్తు.

ఆరు ఐదు.

"కొయ్యి!"

"ఏందన్నా ఇది?"

"ముందు కొయ్యి ఓదెలూ!"

గ్రైండర్ అరుస్తుంది. నిప్పురవ్వలు లేస్తాయి. డబ్బా రెండు ముక్కలు!

లోపల మోటారు లేదు. గ్రీజు పూసిన ప్లాస్టిక్ కవర్... కవర్‌లో పిస్తోలు!

కళ్యాణ్‌ను కాల్చిన తుపాకి! మాసయ్య కనిపెట్టాడు. మంచిగా నడిచిన ఫ్రిజ్ ఆ రోజే ఎందుకు ఆగిందని అతనికి అనుమానం వచ్చింది. తను బయటికి తేలేడు. మెకానిక్ పాత పార్టు పట్టుకుపోతే ఎవరూ అడగరు. అందుకే పిలిచాడు. విఠల్ తెచ్చి... బాల్కనీలో పడేశాడు!

"గిది ఇంక పేల్తదా సారూ?" కురుమమ్మ మెల్లగా అడుగుతుంది.

"నాకేం తెల్సమ్మా? నేను ఫ్రిజ్ మెకానిక్‌ని!"

"గ్రీజుల ఉన్న ఇనుము ఖరాబ్ కాదక్కా," అంటాడు ఓదెలు.

విఠల్ గడియారం చూస్తాడు. ఆరు పది.

"ఇను ఓదెలూ. డబ్బాల ఇనుప ముక్కలేసి మల్ల అతుకు. మేం అది పట్టుకొని బోటు కాడికి పోతం, వాణ్ని మాటల్ల పెడ్తం. నువ్వు పిస్తోలు పట్టుకొని స్టేషన్‌కు ఉరుకు. పోలీసులు మఫ్టీల రావాలె. అర్థమైందా? వెల్డింగ్ మాత్రం గట్లనే వంకరగ వెయ్యి!"

"నేను కడ్త సారూ," అంటుంది కురుమమ్మ. పిస్తోలు అందుకుని, అటు తిరిగి పాత న్యూస్ పేపర్‌తో పొట్లం చుడుతుంది. ఉల్లిగడ్డల సంచిలో అడుగున పెట్టి, పైన ఉల్లిగడ్డలు సర్ది, మూతి ముడి వేసి ఓదెలు స్కూటర్ మీద పెడుతుంది.

ఓదెలు వెల్డింగ్ కొడతాడు. నల్ల స్ప్రే చల్లుతాడు. విఠల్ చూసి జుట్టు పీక్కుంటాడు.

"వంకరగ అని చెప్పిన గదరా! గింత నీట్‌గనా?"

"చెయ్యి రాదన్నా! ఎంత చెడగొడ్దామన్నా చక్కగనే వస్తున్నది!"

మళ్లీ కోసే టైం లేదు.

దారంతా కురుమమ్మ ఒక్క మాట మాట్లాడదు. ఇందాకటి దాకా నోరు మూయని మనిషి! భయపడిందని విఠల్ అనుకుంటాడు.

* * *

ఆరు ఇరవై ఎనిమిది. సాగర్ ఒడ్డున ఒక మూల. బోటు ఇంజన్ నడుస్తోంది.

డెక్ అంచున మాసయ్య. చేతులు వెనక్కి కట్టి ఉన్నాయి. కాళ్లకు తాడు. తాడు చివర లంగరు. లంగరు మీద అభిరామ్ బూటు కాలు. ఒక్క తన్ను చాలు!

"పైకి రాండ్రి. ఇద్దరూ."

విఠల్ కంప్రెసర్ దించుతాడు. మాటల్లో పెట్టాలి... ఏం మాటలు?

"సార్... కొత్త కంప్రెసర్ కూలింగ్ మంచిగున్నదా?"

"షటప్!"

అభిరామ్ వంగి డబ్బా ఊపుతాడు. టక్... టక్... తల ఆడిస్తాడు. ఫోన్ లైట్ వేసి డబ్బాను తిప్పుతాడు. వెల్డింగ్ మీద వేలు రాస్తాడు.

వేలు ఆగుతుంది.

"నేను ఇంత నీట్‌గా కొట్టలేదే!"

అప్పుడే... విఠల్ జేబులో ఫోన్ మోగుతుంది!

"ఎవరు? స్పీకర్ పెట్టు!"

ఓదెలు గొంతు బోటంతా మోగుతుంది.

"విఠలన్నా! స్టేషన్ల ఉన్న! సంచి మొత్తం టేబుల్ మీద కుమ్మరించిన! పేపర్ల గూడ ఉల్లిగడ్డలే ఉన్నయ్! పిస్తోలు లేదన్నా!"

లేదా?

విఠల్‌కు అర్థం కాదు. సంచి కట్టింది... ఎవరు?

అభిరామ్ మొహం పాలిపోతుంది. లంగరును తన్నడానికి కాలు వెనక్కి లేపుతాడు...

"ఓ సారూ!"

ముగ్గురూ తిరిగి చూస్తారు.

కురుమమ్మ కొంగు కింది నుంచి చెయ్యి తీస్తుంది. సిమెంటు అంటిన చెయ్యి. ఆ చెయ్యి వణకడం లేదు.

"మా తమ్ముడు నీకేం జేసిండు?"

"కురుమమ్మా! వద్దు!" విఠల్ అరుస్తాడు.

ధన్!

సాగర్ మీద పక్షులన్నీ ఒక్కసారిగా లేస్తాయి. లంగరు డెక్ మీదే ఉంది. దాని పక్కన అభిరామ్ కూలి ఉన్నాడు. మాసయ్య నిలబడే ఉన్నాడు.

విఠల్ చేతిలో ఫోన్ ఇంకా మాట్లాడుతోంది.

"అన్నా... విఠలన్నా... ఏంది ఆ చప్పుడు?"