వెంటిలేటర్ పక్కన వాదన

“ఊపిరి పోస్తూనే ఉన్నారు సరే, ఆయన వదిలేదెప్పుడు?”

ఆమె అతనితో అన్న మొదటి మాట అది. నమస్కారం లేదు, మీరెవరని అడగడం లేదు.

అతను ఐసీయూలో డాక్టరుగా చేరింది ఆ రోజే. మంచం మీద ఉన్నది ఒక ముసలి టైలర్. ఏళ్ళ తరబడి పొగ తాగి ఊపిరితిత్తులు పాడుచేసుకున్నాడు. ఆయన ఆయాసం చూసి కంగారుపడ్డ కొత్త డాక్టరు, వెంటిలేటర్‌ని, ఊపిరంతా మిషనే ఇచ్చే కంట్రోల్ మోడ్‌లో పెట్టి నిమిషానికి బోలెడన్ని శ్వాసలిచ్చేశాడు. అలాంటి ఊపిరితిత్తుల్లోకి గాలి తేలిగ్గానే పోతుంది. బయటికి రావడమే కష్టం, ఇరుకు గుమ్మంలోంచి పెళ్ళివారంతా ఒకేసారి బయటపడాలన్నట్టు.

అక్కడ ముందు నుంచీ డాక్టరుగా ఉన్న ఆమె శ్వాసల లెక్క తగ్గించింది. కాసేపటికి పెద్దాయన ముడిపడ్డ కనుబొమలు విడిపోయాయి. సిగ్గుతో తల దించుకోవాల్సిన కుర్ర డాక్టరు, అది మానేసి ఆమెనే చూస్తూ నిలబడ్డాడు. ఇంకేముంది, అతని పని అయిపోయింది.

ఆమెది పొద్దుటి డ్యూటీ, అతనిది మధ్యాహ్నం. ఆమె పేషెంట్లని అతనికి అప్పగించి వెళ్ళే ఆ కాస్త సమయమే ఇద్దరూ కలిసేది. అది అతనికి ఏ మూలకీ చాలేది కాదు.

పెద్దాయన కోలుకుంటున్నాడని ఒకరోజు ఆమె మిషన్‌ని సపోర్ట్ మోడ్‌కి మార్చింది. అందులో ఊపిరి మొదలుపెట్టేది పేషెంటే, మిషన్ వెనక నుంచి కాస్త సాయం పడుతుందంతే. అతను మనసులో ‘భేష్’ అనుకున్నాడు. నోటితో మాత్రం వేరే అన్నాడు.

“తొందరపడ్డారేమో మేడమ్. ఇంకొన్నాళ్ళు కంట్రోల్‌లోనే ఉంచాల్సింది.”

“ఎందుకు? కండరాలు పనిచేయడం మర్చిపోవడానికా?”

“అలిసిపోతే?”

“అలిసిపోతే చూడటానికే కదా మీరున్నది!”

ఆమె భుజం మీది బ్యాగు తీసి కుర్చీలో పడేసింది. అతనికి కావలసింది అదే.

అప్పట్నుంచి ఆమె ఎడ్డెమంటే అతను తెడ్డెమన్నాడు. నర్సులు అతనికి ‘అడ్డం డాక్టరు’ అని పేరు పెట్టారు. వాదిస్తుంటే ఆమె కళ్ళు పెద్దవయ్యేవి, చేతులు గాలిలో గ్రాఫులు గీసేవి. బస్సు గుర్తొచ్చి ఆమె పరుగెత్తాక ఐసీయూ అంతా బోసిపోయేది. ఆమె పెట్టిన మోడ్‌ని అతను ముట్టుకునేవాడే కాదు. ఆమె తాగి వదిలేసిన కాఫీ కప్పు సింకులో కనిపిస్తే కడగబుద్ధి కూడా అయ్యేది కాదు. కిటికీ అద్దం మీద వాన జారుతుంటే, ఆమె తడుస్తోందో ఏమోనని పనిలేని బెంగ. ఎదురుగా ఉన్న పావుగంటా గొడవపడతాడు, మిగిలిన రోజంతా ఆమె కోసం అల్లాడిపోతాడు.

ఒక శుక్రవారం ఆమె నాలుగు ముక్కల్లో అప్పగింతలు ముగించింది. బ్యాగు భుజం మీంచి దిగలేదు.

“సపోర్ట్ ఇంకా తగ్గించారే! తొందరేమో...” అతను మొదలుపెట్టాడు.

“మీకేది మంచిదనిపిస్తే అది పెట్టుకోండి. సోమవారం నుంచి నేను పిల్లల ఐసీయూకి వెళ్ళిపోతున్నాను.”

“అదేంటి, ఎవరు వేశారు?”

“నేనే అడిగాను. నేను చేసిన ఒక్క పని మీదా నమ్మకం లేని మనిషికి రోజూ పేషెంట్లని అప్పగించడం నా వల్ల కాదు.”

అతను చేతిలోని కేస్ షీటు పక్కన పెట్టేశాడు.

అంతలో మంచం పక్కన స్టూలు మీద కూర్చున్న టైలర్ గారి భార్య లేచి నిలబడింది.

“బాబూ, ఒక్క మాట. రోజూ మీరిద్దరూ తలో మాటా అంటుంటే ఇంటికెళ్ళాక నాకు కంటిమీద కునుకుండట్లేదు. ఇంతకీ మా ఆయనకి ఏది మంచిది? ఈ అమ్మాయి పెట్టిందా, నువ్వు చెప్పేదా?”

అతను ఆవిడని చూశాడు. తన సరదా కోసం ఆడిన ప్రతి మాటనీ ఈవిడ ఆ స్టూలు మీద కూర్చుని, మొగుడి ప్రాణం తూచినట్టు వింటూ వచ్చింది. రెండూ మంచివేనమ్మా అని తప్పించుకోవచ్చు. సిగ్గేసింది, తప్పించుకోలేదు.

“ఈవిడ పెట్టిందేనమ్మా. మొదట్నుంచీ ఈవిడదే రైటు. ఈవిడ వెళ్ళాక నేను ఒక్కరోజు కూడా మార్చలేదు. సిస్టర్‌ని అడగండి.”

“ఒట్టు!” అంది నర్సు అవతలి మంచం దగ్గర్నుంచి.

ఆమె నమ్మలేనట్టు చూసింది. “మరి రోజూ నా ప్రాణాలెందుకు తోడేశారు?”

“ఒప్పుకుంటే మీరు వెళ్ళిపోతారు కదా.”

అతని చెవులు ఎర్రబడ్డాయి. ఉన్నట్టుండి వెంటిలేటర్ అలారం గట్టిగా మోగింది. డాక్టర్లిద్దరూ ఒక్క ఉదుటున మంచం మీదికి వంగారు.

“కంగారుపడకండి, నవ్వుతున్నాడు,” అంది పెద్దావిడ. “పెళ్ళికి ముందు నా జాకెట్టు కావాలనే బిగుతుగా కుట్టి, నన్ను నాలుగుసార్లు షాపుకి తిప్పించుకున్న మనిషి. నవ్వడూ మరి!”

నోట్లో గొట్టంతో పెద్దాయన భుజాలు కదులుతున్నాయి. ఆమె మాత్రం నవ్వలేదు.

“ముందు అమ్మగారికి క్షమాపణ చెప్పండి.”

చెప్పాడు. చేతులు జోడించి మరీ చెప్పాడు.

“వెళ్ళొద్దని అడిగే మొహం నాకు లేదు,” అన్నాడు ఆమెతో. “కానీ మీరు లేని చోట నాకు ఊసుపోదు. ఇన్నాళ్ళూ ఆ ముక్క చెప్పడం చేతకాక వేరే ఏదేదో వాగాను.”

“వెళ్ళడం మాత్రం ఖాయం. పెద్ద డాక్టరుగారికి మాటిచ్చేశాను.”

అతను తల ఊపాడు.

“అక్కడ రెండు షిఫ్టులు ఖాళీ ఉన్నాయన్నారు,” అందామె, చూపులు మానిటర్ మీద నిలిపి. “మీ మీద పీకల దాకా కోపం ఉంది. అయినా మధ్యాహ్నం షిఫ్టే అడిగాను.”

అతనికి అర్థం కావడానికి కాస్త సమయం పట్టింది. మధ్యాహ్నం తనది కూడా. ఇకమీదట ఒకేసారి రావడం, ఒకేసారి వెళ్ళడం.

“పేషెంట్ల ఊసు మధ్యలో లేకుండా మాట్లాడటం వచ్చా మీకు?” అని అడిగింది.

“రాదు.”

“సోమవారం గేటు దగ్గర ఉండండి, నేర్పుతాను.”