తల్లి గడిలో వేలిముద్ర

వేలిముద్రల కౌంటర్లో పనికి కుదిరినప్పటి నుంచి చిన్నదానికి మనుషుల మొహాల కంటే వాళ్ళ బొటనవేళ్ళే ఎక్కువ గుర్తుంటున్నాయి. గుర్తింపు కార్డు కోసం వచ్చినవాళ్ళు అద్దం మీద వేలు పెడతారు, తెర మీద గీతలు సుడి తిరుగుతూ పైకి తేలతాయి. అంట్లు తోమి తోమి అరిగిపోయిన వేళ్ళు, సున్నం తినేసిన వేళ్ళు, రంపం కోసిన వేళ్ళు. నా వేలు మీకు నచ్చినట్టు లేదే అని ఓ ముసలాయన నిష్ఠూరంగా అంటే, మిషన్‌కే నచ్చలేదు తాతా, నాకు నచ్చింది అని నవ్వించి, తడిగుడ్డతో తుడిచి మళ్ళీ పెట్టించింది. ఆ పని ఆమెకి ఎవరూ నేర్పలేదు. చూసి చూసి పట్టేసింది.

ఇంట్లో ఆమెని చిన్నది అనీ, అక్కని పెద్దది అనీ అంటారు. నిజానికి ఇద్దరూ కవలలు. పెద్దది కాస్త ముందు భూమ్మీద పడింది, అంతే. ఆ కాస్తకే ఇన్నేళ్ళూ పెత్తనం చెలాయించింది. ఇద్దరినీ కన్న మర్నాడే తల్లి కళ్ళు మూసింది. నాన్న పెంచాడు, ఆయనా పోయాడు. ఇప్పుడు పెద్దదానికి నెలలు నిండుతున్నాయి.

ఆస్పత్రిలో డాక్టరమ్మ కాగితాలు తిరగేస్తూ అడిగింది, అమ్మ కాన్పులో పోయింది సరే, అమ్మమ్మ ఎలా పోయింది అని. తెలీదన్నారు అక్కచెల్లెళ్ళు. ఆవిడ తల్లి? అదీ తెలీదు. కొన్ని జబ్బులు రక్తంలో వస్తాయి, ముందే తెలిస్తే మా జాగ్రత్తలో మేముంటాం, కనుక్కుని రండి అంది ఆవిడ.

బయటికొచ్చాక, ఎప్పుడూ చిన్నదాన్ని ఆటపట్టించే పెద్దది, చెల్లెలి చెయ్యి గట్టిగా పట్టుకుంది.

"పిల్లని ఒక్కసారైనా ఎత్తుకోకుండా పోతానేమోనే."

"నోర్ముయ్యి" అంది చిన్నది.

అమ్మ తరఫున మిగిలింది తాతయ్య ఒక్కడే. సైకిల్ షాపు మీద గదిలో ఉంటాడు, రేడియో ఆయన సంసారం. అమ్మమ్మ ఎలా పోయిందని అడిగితే, పోయినవాళ్ళని లేపి ఏం అడుగుతావే అని రేడియో పెద్దది చేశాడు. చిన్నది ఊరుకునే రకం కాదు. పుట్టిన కాగితం, చచ్చిన కాగితం ఎక్కడో ఓ చోట ఉండే ఉంటాయి కదా అనుకుంది. మర్నాడు మధ్యాహ్నం సెలవు పెట్టి, పుట్టుకలు, చావులు రాసే ఊరి ఆఫీసు మెట్లు దిగింది.

పాత రికార్డులన్నీ నేలమాళిగలో ఉంటాయి. కిటికీ లేదు. ఇనుప బీరువాలు వరసగా నిలబడి ఉంటాయి. వాటిని కాసే పెద్దమనిషిని ఆఫీసంతా బీరువాల బాబాయ్ అంటారు. ఆయన తన కుర్చీ దులిపి ఆమెకి ఇచ్చి, ఇక్కడికి వచ్చేవాళ్ళలో కుర్చీ అవసరమయ్యేది నీకేనమ్మా, మిగతావాళ్ళంతా పడుకునే ఉన్నారు అని బీరువాలు చూపించాడు.

పాత కాగితం వాసన, చెమ్మ పట్టిన గోడ వాసన. వాటి అడుగున ఇంకేదో పుల్లటి వాసన. ఎవరైనా టిఫిన్ డబ్బా మరిచిపోయారేమో అనుకుంది.

బయట వాన మొదలైంది. బాబాయ్ చావుల పుస్తకాలు ఒక్కోటీ తెచ్చి ముందు పెడుతుంటే అమ్మ నుంచి అమ్మమ్మకి, అమ్మమ్మ నుంచి ఆవిడ తల్లికి వెనక్కి వెళ్ళింది. ముగ్గురూ దొరికారు. ముగ్గురూ ఆడపిల్లని కన్న మర్నాడే పోయారు. కారణం గడిలో "రక్తస్రావం." డాక్టరమ్మకి కావలసింది దొరికింది. లేచి వెళ్ళిపోయుంటే అయిపోయేది.

కానీ ఆమె కళ్ళు అలవాటుగా వేలిముద్ర మీద పడ్డాయి.

చావు కబురు తెచ్చినవాళ్ళ గడిలో పేరు లేదు, నీలి సిరాతో బొటనవేలి ముద్ర ఉంది. శంఖంలా తిరిగిన సుడి. గోరు మూల నుంచి కణుపు దాకా అడ్డంగా ఓ గాటు. అమ్మ వరుసలో అదే ముద్ర. అమ్మమ్మ వరుసలో అదే. ఆవిడ తల్లి వరుసలో... కాగితం పసుపెక్కింది, సిరా వెలిసింది, ముద్ర మాత్రం అదే. ఒకరి వేలు ఇంకొకరికి రాదని ఆమె కంటే బాగా ఎవరికి తెలుసు?

ఇంకోటి కూడా చూసింది. కబురిచ్చిన తేదీ మూడు చోట్లా చావు తేదీ కంటే ఒక రోజు ముందుంది.

బాబాయ్‌కి చూపిస్తే, గుమాస్తా మందు కొట్టి రాసుంటాడని తేల్చేశాడు. దిద్దించుకోవచ్చా అని అడిగింది. పాత పుస్తకంలో గీత గీస్తే నా ఉద్యోగం ఊడుతుందమ్మా అన్నాడాయన. దిద్దుబాటు ఏదైనా ఈరోజు పుస్తకంలో, ఈరోజు తేదీ కింద, కొత్త వరుసలో ఎర్రసిరాతో రాయాలి. రక్తసంబంధీకులు సంతకం పెట్టాలి, ఎవరి గురించి రాశారో ఆ మనిషి వేలు వెయ్యాలి. "ఆ మనిషే పోయుంటే ఎలా వస్తుంది బాబాయ్?" అంటే, "అందుకే ఇన్నేళ్ళలో ఒక్కరూ దిద్దించుకోలేదు" అని తన మాటకి తనే నవ్వుకున్నాడు. పైనుంచి ఎవరో మెట్ల మీదకి నీళ్ళొస్తున్నాయని అరిస్తే బకెట్ పట్టుకుని వెళ్ళాడు.

ఆమె మెట్ల దగ్గరికి వెళ్ళి, సిగ్నల్ కాస్త బాగా దొరికే చోట నిలబడి తాతయ్యకి ఫోన్ చేసింది.

"తాతయ్యా, బొటనవేలికి అడ్డంగా గాటున్న మనిషి ఎవరు?"

అవతల రేడియో ఆగిపోయింది.

"మూడు చోట్లా ఉందా?"

మూడని ఆమె చెప్పలేదు.

అప్పుడు చెప్పాడు తాతయ్య, గొంతు తగ్గించి, పక్కనెవరో వింటున్నట్టు. ఆమె మా ఆవిడకి అమ్మమ్మ అన్నాడు. ఆడపిల్లని కన్న మర్నాడే మొగుడు ఇంకొకామెని ఇంటికి తెచ్చుకున్నాడు. వచ్చినామెకి పిల్లలు పుట్టరు. పసిగుడ్డుని ఆమె ఒళ్ళో పెట్టి, తల్లి ఈమేనని రాయించాడు. కన్నది చచ్చిపోయిందని రాయించాడు. పిల్ల కోసం కన్నతల్లి తలుపు పట్టుకుంటే, తలుపు మూసేశాడు. వేలు మధ్యలో ఉంది. అయినా మూశాడు.

"చంపలేదే, చిన్నీ. వెనక గదిలో పెట్టి తాళం వేశారు. ఏళ్ళ తరబడి బతికింది. గోడ అవతల తన కూతురు ఇంకొకరిని అమ్మా అని పిలుస్తుంటే వింటూ బతికింది."

ఒకసారి తప్పించుకుని ఆ ఆఫీసుకే వెళ్ళిందట. నేను బతికే ఉన్నాను, కొట్టెయ్యండి అందట. రాసింది రాసిందేనని అందరూ నవ్వారట. ఆమె మాత్రం నవ్వు ఆగేదాకా నిలబడి, నా చావు మీరు రాశారు కదా, ఇక ఆ ఇంటి చావులు నేను రాయిస్తాను అందట. నాకు దక్కని బిడ్డ ఆ ఇంట్లో ఏ తల్లికీ దక్కదు అందట.

"మీ అమ్మమ్మ పోయే ముందు రోజు ఇల్లంతా పాలు విరిగిన వాసన. గిన్నెలన్నీ వెతికాం. ఇంట్లో పాలే లేవు..."

ఫోన్ కట్ అయింది. లైట్లు కూడా పోయాయి.

చీకటి. పైన వాన. కింద ఆ పుల్లటి వాసన... అది టిఫిన్ డబ్బా కాదని ఇప్పుడు అర్థమైంది. పాలు విరిగిన వాసన. వచ్చినప్పటి నుంచీ ఆమె పక్కనే ఉంది.

ఫోన్ లైటు వేసుకుని బల్ల దగ్గరికి వచ్చింది. ఈరోజు చావుల పుస్తకం తెరిచి ఉంది. ఆమె తెరవలేదు. చివరి వరుసలో పెద్దదాని పేరు. మొగుడి పేరు, వీధి, ఇంటి నంబరుతో సహా. చావు తేదీ, రేపు. కబురు తెచ్చినవారు... ముద్ర.

వేలితో తాకింది. సిరా తడిగా ఉంది.

చేతిలో ఫోన్ వణికింది. బావ మెసేజ్. నొప్పులు మొదలయ్యాయి, ఆస్పత్రికి తీసుకెళ్తున్నాం, నువ్వెక్కడ?

పరుగెత్తాలనిపించింది. పరుగెత్తి ఏం చెయ్యాలి? అక్క పక్కన నిలబడి చూడాలి, అంతేగా. చిన్నది పరుగెత్తలేదు. బల్ల చివరనున్న పుట్టుకల పుస్తకం లాక్కుంది. ఎర్రపెన్ను మూత నోటితో పీకింది. ఈరోజు తేదీ కింద, కొత్త వరుసలో, ఆనాడు ఆ తల్లి నుంచి లాక్కున్న బిడ్డ పుట్టుక రాసింది. పుట్టినది, ఆడపిల్ల. పసిపిల్లలకి పేరుండదు, ఆ పుస్తకంలో అందరూ అలాగే ఉన్నారు. తల్లి గడి ఖాళీగా వదిలింది, ఆమె పేరేంటో తాతయ్య చెప్పలేదు కనక. కింద, ఈమె చనిపోలేదు, బిడ్డని కన్నది ఈమే అని రాసి, రక్తసంబంధీకురాలిగా సంతకం పెట్టింది.

"అమ్మమ్మా" అంది చీకట్లోకి. వరుస ఏమవుతుందో కూడా సరిగ్గా తెలీదు. "నీకు జరిగింది తప్పు. దిద్దుతున్నాను. వచ్చి వేలు వెయ్యి. మా అక్కని వదిలెయ్యి."

వాన చప్పుడు ఆగినట్టయింది. బీరువాల మధ్య నుంచి తడికాళ్ళ అడుగు... ఇంకో అడుగు... వాసన ముక్కులోంచి గొంతులోకి దిగింది. చిన్నది కళ్ళు గట్టిగా మూసుకుంది. బల్ల మీద సిరా డబ్బీ మూత దానంతటదే తెరుచుకున్న చప్పుడు. చెవి పక్కనే, పొడిబారిన గొంతు.

"బిడ్డ నాదేనా?"

అక్క కావాలి. అంతే కావాలి.

"నీదే" అంది చిన్నది.

"నాకిచ్చినట్టేనా?"

"ఇచ్చినట్టే."

కాగితం మీద ఏదో మెత్తగా ఒత్తుకుంది. చాలాసేపు ఒత్తుకుంది. ఆ తర్వాత నవ్వు లాంటి ఊపిరి. ఆ తర్వాత ఏమీ లేదు.

లైట్లు వచ్చాయి. బాబాయ్ ఖాళీ బకెట్‌తో మెట్లు దిగుతూ, ఏంటమ్మా మొహం అలా పాలిపోయింది, ఎవరైనా లేచి కూర్చున్నారా అని వేళాకోళం చేశాడు. ఆమె వినలేదు. చావుల పుస్తకం చూసింది. చివరి వరుస ఖాళీ. తెల్లటి, శుభ్రమైన కాగితం. ఏడుపు, నవ్వు కలిసి వచ్చాయి. వానలోనే ఆస్పత్రికి పరుగెత్తింది.

ఆడపిల్ల. తల్లీబిడ్డా క్షేమం. రక్తం ఆగలేదు, చేతులెత్తేద్దామనుకున్నాం, అంతలో కొళాయి కట్టేసినట్టు ఆగిపోయింది అని డాక్టరమ్మ తనలో తను మాట్లాడుకున్నట్టు చెప్పింది. బావ గోడకి ఆనుకుని చిన్నపిల్లాడిలా ఏడుస్తున్నాడు.

తెల్లారాక లోపలికి పంపించారు. వాన వెలిసి, కిటికీలోంచి ఎండ మంచం మీద పడుతోంది. పెద్దది దిండుకి ఆనుకుని కూర్చుని జుట్టు సర్దుకుంటోంది. రంగు వచ్చింది, కళ వచ్చింది. చెల్లెల్ని చూడగానే, రాత్రంతా ఎక్కడ ఊరేగావే అని ఎప్పటిలా పెత్తనం మొదలుపెట్టింది. ఆ తిట్టు వినడానికి చిన్నది ఎంత ఇచ్చినా ఇచ్చేది. ఉయ్యాల తొట్టిలోంచి పాపని జాగ్రత్తగా ఎత్తి అక్క ఒళ్ళో పెట్టబోయింది.

పెద్దది చేతులు చాపలేదు.

"నాకెందుకిస్తున్నావే? వాళ్ళమ్మకివ్వు."

"పొద్దున్నే ఏంటే ఈ వేళాకోళం?"

పెద్దది నవ్వలేదు. పక్కింటి పిల్ల గురించి చెప్పినట్టు మర్యాదగా, కాస్త జాలిగా చెప్పింది. "రాత్రంతా నిద్రపోలేదు పాపం ఆవిడ. ఇందాకే పాలిచ్చి పడుకోబెట్టింది. అదిగో, కూర్చుంది కదా."

మంచం పక్కన ప్లాస్టిక్ కుర్చీ. ఖాళీగా ఉంది.

పెద్దదానికి ఇంకా పాలు పడలేదని నర్సు వాకిట్లోనే చెప్పింది. పాప పెదవి చివర మాత్రం తెల్లటి చుక్క ఆరిపోతూ ఉంది. దాన్నుంచి పుల్లటి వాసన వచ్చింది. అప్పుడు గుర్తొచ్చింది చిన్నదానికి, తాను ఏ తేదీ కింద రాసిందో. నిన్నటి తేదీ కింద, ఈ పాప పుట్టిన తేదీ కింద. పేరు లేని ఆడపిల్ల అని, తల్లి గడి ఆ వేలికే వదిలి.

పాపని గుండెకి అదుముకుని ఒక అడుగు వెనక్కి వేసింది. కుర్చీ కిర్రుమంది... ఎవరో లేస్తున్నట్టు.

పాప ఏడవలేదు. కళ్ళు పెద్దవి చేసి చిన్నదాని భుజం పక్కకి చూస్తోంది. కుడి పిడికిలి గాలిలో బిగుసుకుని ఉంది. విప్పబోయింది చిన్నది. రాలేదు. అంత చిన్న చేతికి అంత బలం ఎక్కడిదో. పిడికిలి పూర్తిగా మూసుకోలేదు కూడా. లోపల సరిగ్గా ఒక బొటనవేలు పట్టేంత ఖాళీ ఉంది, ఆ ఖాళీ చుట్టూ పాప అరచేయి నీలి సిరాతో తడిగా ఉంది.