ఎగిరే పడవలో మేకుల బూట్లు

మధ్యాహ్నం రెండు కావస్తోంది. ఇంగ్లండులోని మా కౌస్ రేవులో జనమంతా నది వైపే చూస్తున్నారు. నీళ్ల మీద పరుగెత్తి, అక్కడి నుంచే గాల్లోకి లేచే పడవట. పడవకు రెక్కలేమిటని ఏడాదిగా నవ్వినవాళ్లే అందరికంటే ముందు వచ్చి నిలబడ్డారు.

పదేళ్ల ఎఫీ మాత్రం అందరి వెనక నక్కి నిలబడింది. ఆ రెక్కల గుడ్డ కుట్టింది వాళ్లమ్మే. నిన్న అమ్మకు రొట్టె ఇవ్వడానికి పడవలు కట్టే షెడ్డుకు వెళ్లినప్పుడు, ఎవరూ చూడకుండా ఎఫీ ఆ పడవ ఎక్కింది.

పడవ అడుగు చెక్క అట్టంత పలచన. ఎవరైనా సరే బూట్లు విప్పే ఎక్కాలి. ఆ అడుగు చేసిన ముసలి వడ్రంగి జాలిఫ్ తాత పెట్టిన నియమం అది. కానీ ఎఫీ మేజోళ్లకు చిల్లులు. ఎవరైనా వచ్చి చూస్తే సిగ్గని, అడుగున మేకులు కొట్టిన బూట్లతోనే ఎక్కింది. కాలి కింద టక్‌మంది. వెంట్రుకంత చీలిక. అమ్మ దారాలకు రాసే మైనం పైన కాస్త రుద్దేసి వచ్చేసింది.

ఇప్పుడు పడవ పరుగెత్తింది. లేవలేదు. ముక్కు నీళ్లలోకి కుంగింది, రెక్కలు విరిగాయి. నడిపేవాణ్ణి ఎలాగో బయటికి లాగారు. రెండేళ్ల కష్టం పావుగంటలో నీళ్లపాలైంది.

"అడుగు చీలింది," అన్నాడు షెడ్డు యజమాని. "చూపు తగ్గినప్పుడే మానెయ్యాల్సింది, జాలిఫ్. రేపట్నుంచి రావద్దు."

"తప్పు నాదే," అన్నాడు తాత.

"పాపం, తప్పు నాదేనని ఆయనే ఒప్పుకున్నాడే," అంది అమ్మ కళ్లు తుడుచుకుంటూ.

ఎఫీ షెడ్డుకు పరుగెత్తింది. తాత పనిముట్లు సంచిలో సర్దుకుంటున్నాడు.

"తాతా, చీల్చింది నేను. బూట్లతో ఎక్కాను."

తాత చేతిలోని పనిముట్టు కింద పెట్టాడు.

"నిన్ననే చెబితే ఆ చెక్క మార్చేవాణ్ణి కదే. గంట పని."

ఆ మాట కంటే తిట్టినా బాగుండేది.

"యజమానికి చెబుతాను."

"వద్దులే. మీ అమ్మ పని పోతుంది. పోయిన పడవ ఎలాగూ రాదు."

ఎఫీ ఆగలేదు. యజమాని గది తలుపు తోసింది.

"అయ్యా, తాత చూపు బాగానే ఉంది. పడవను పాడుచేసింది నేను."

"ఏమన్నావ్?" అన్నాడు యజమాని.

ఎఫీ మళ్లీ చెప్పింది. ఈసారి బయట నిలబడ్డ పనివాళ్లందరికీ వినిపించేలా చెప్పింది.