పట్టాభిని భయపెట్టిన కథ

దిల్‌సుఖ్‌నగర్ల ఆ తాళమేసిన ఇంటి ముంగట మాపటికి ఎవ్వరు నడవకపోతుండె. పందొమ్మిది వందల అరవై తొమ్మిది, తెలంగాణ లొల్లి నాటి ముచ్చట. ఎల్బీ నగర్ దిక్కంత గప్పుడు పొలాలేనట. ఆ ఇంట్ల ఉండే కోస్తా వాళ్లు గొడవలకు భయపడి బెజవాడ పోయిండ్రని అందరికి తెలుసు. బయట తాళం. లోపలేమో... చీకటి పడితే ఎవరో దగ్గుతరు.

రాళ్లు పట్టుకొని ఒచ్చిన పోరగాళ్లు గూడ ఆ దగ్గు విని ఉరికిండ్రట.

తీతుకు మాత్రం ఆ ఇంటి మీద వేరే కోపం. ఆ ఇంటి పట్టాభి వాని దోస్తు, బళ్లె ఒక్కటే బెంచి. చెప్పకుండ పోయిండు.

ఇద్దరికి ఒకటే పిచ్చి — దెయ్యం బొమ్మల కథలు. మనం ఇప్పుడు జపానోళ్ల బొమ్మల పుస్తకాలకు మంగా మంగా అని సస్తం చూడు, గట్లనే. నల్ల సిరా బొమ్మలు, పేజీ తిప్పాలంటే చెయ్యి ఒణకాలె. కిరాయి పుస్తకాల దుకాణంల ఏరి ఏరి తెచ్చిస్తుండె తీతు.

"ఇది చదువురా, చెడ్డీ తడుస్తది."

పట్టాభి తెల్లారి ఆవలించుకుంట వాపస్ ఇస్తుండె. "ఇదా భయం? మా హనుమాయమ్మ మామ్మ గురక పెడితే ఇంతకన్నా దడ పుడుతుంది."

ఒక్కసారన్న వాణ్ని భయపెట్టాలె. తీతు పంతం గదే.

ఆ ఎండాకాలం బడి బంద్. తెలంగాణ కావాలని రోడ్డు మీద జులూస్ పోతుంటే తీతు గూడ పోయిండు. ఆంధ్రోళ్లు వాపస్ పోండ్రి, వాపస్ పోండ్రి... గొంతు బొంగురు పోయేదాక అరిచిండు. పట్టాభిని కాదు గద. పట్టాభి వేరే... అనుకుండు.

గప్పుడే దొరికింది ఆ పుస్తకం. చచ్చిన దోస్తు రాత్రి ఒచ్చి కిటికీ గోకుతడు, పేరు పెట్టి పిలుస్తడు. తెరిస్తే ఖతం. తీతుకు నిద్ర పట్టలే. ఎవరికియ్యాలె ఇప్పుడిది?

మాపటికి ఆ ఇంటి పక్కకెల్లి పోతుంటే — దగ్గు.

తీతు ఆగిండు. ఆ దగ్గు ఎరికైన దగ్గే. హనుమాయమ్మ దగ్గు. ముసలామె సచ్చి దెయ్యమైందా... లేకుంటే...

గోడ దుంకిండు. వెనక కిటికీ రెక్కల సందుల సన్నగ దీపం ఎలుగు. బొమ్మలల్ల లెక్కనే గోటితోని గోకిండు.

"పట్టాభీ... నేనురా."

పుసుక్కున దీపం ఆరింది.

తీతుకు నవ్వొచ్చింది. దెయ్యాలు దీపం ఆర్పవు. అంటే లోపల్నే ఉన్నరు. బయట తాళమేసి, వెనకనుంచి దూరి దాక్కున్నరు. పోలేదు వాడు!

"కొత్తది తెచ్చిన. ఈసారి ఉచ్చ పోస్తవ్ బిడ్డా."

లోపల ఎవరో నోరు మూసుకొని ఏడుస్తున్నరు. తర్వాత, కిటికీకి ఆనుకొనే — ఒణుకుతున్న పట్టాభి గొంతు.

"మొన్న జులూసులో నీ గొంతు విన్నాం తీతూ..."

కిటికీకి లోపలికెల్లి గడియ పడ్డ సప్పుడు.

"ఎంతమందిని తీసుకొచ్చావ్?"

ఒక్కన్నేరా అందామనుకుండు. కిటికీ కాన్నుంచి ఎనుకకు జరిగిండు.

పుస్తకం తీతు చేతిలనే ఉండె. పట్టాభి ఆఖరికి భయపడ్డడు... ఒక్క పేజీ తిప్పకుండనే.