మొదటి రోజు టేపు

“టేపు పోయిందండీ. వారంలో కోర్టుకివ్వాలి,” అంటూ మానసిక వైద్యురాలు కుర్చీలో కూలబడింది. చేదు జ్ఞాపకాల మీద ముప్పై ఏళ్లు పరిశోధన చేసిన మనిషి ఆవిడ. కోర్టు గుమాస్తాగా రిటైరై డిటెక్టివ్ దగ్గర చేరిన అసిస్టెంటుకు జాలేసింది.

కేసు అతనికి తెలిసిందే. ఇరవై ఏళ్ల కిందట ఒక ఇల్లు తగలబడి ఇల్లాలు చనిపోయింది, ఆరేళ్ల కూతురు బతికింది. రెండేళ్ల కిందట ఈ డాక్టరు దగ్గర చికిత్సలో ఆ కూతురికి గుర్తొచ్చింది, నిప్పు పెట్టింది తండ్రేనని. తండ్రికి జైలు పడింది. చికిత్స మొదటి రోజు ఆమె ఏం చెప్పిందో వినాలని ఇప్పుడు అతని లాయరు పట్టుబట్టాడు.

“బీరువా తాళాలు నా దగ్గరా, టైపిస్టు దగ్గరా ఉంటాయి. అంతకుమించి నేను చెప్పకూడదు,” అంది డాక్టరు.

ఆమె చికిత్స చేసే గదికి వెళ్లి చూస్తే, బీరువాలో వందల టేపులు. ఒక్కదాని మీదా పేరు లేదు, నంబర్లే.

“రోగుల గుట్టు బయటపడకూడదని మేడమ్ పెట్టిన పద్ధతండీ. ఏ నంబరు ఎవరిదో ఆవిడ డైరీలోనే ఉంటుంది, మాకు చూపించరు,” అంది టైపిస్టు కళ్లొత్తుకుంటూ. ఉద్యోగం ఊడుతుందని ఆమె బెంగ.

డిటెక్టివ్ కిటికీలో మొక్కలకు నీళ్లు పోసే పచ్చ డబ్బాను చూస్తున్నాడు. “ఈ తీగేమిటమ్మా?”

“పిడి విరిగితే మూడేళ్ల కిందట నేనే రాగితీగ చుట్టానండీ,” అంది టైపిస్టు.

అసిస్టెంటుకు ఒళ్లు మండింది. అవతల మనిషి జైల్లో మగ్గుతుంటే ఈయనకు మొక్కల గొడవేమిటి!

మర్నాడు డిటెక్టివ్ అందరినీ ఆ గదికే పిలిపించాడు. లాయరు గుమ్మం దగ్గర నిలబడ్డాడు. కూతురు అలవాటుగా కిటికీకి ఎదురు కుర్చీలో కూర్చుంది.

“మీ నాన్న చేతిలో ఏం చూశారమ్మా?”

“కిరోసిన్ డబ్బా. పచ్చది. పిడికి రాగితీగ చుట్టి ఉంది.” కోర్టులోనూ ఇలాగే తడుముకోకుండా చెప్పింది.

డిటెక్టివ్ కిటికీలోంచి డబ్బా తెచ్చి ఆమె ముందు పెట్టాడు. టైపిస్టు నోటి మీద చెయ్యి వేసుకుంది.

“ఈ కుర్చీలో కూర్చోబెట్టి ‘ఇంకా గుర్తుచేసుకో, చేతిలో ఏముందో చూడు’ అని నెలల తరబడి అడిగారు. ఎదురుగా ఉన్నదే కనిపించింది. ఇక దొంగ సంగతి. ఇన్ని నంబర్లలో సరిగ్గా ఆ ఒక్కటే తీయగలిగింది డైరీ ఉన్నవాళ్లే. దొంగతనం జరిగిందని కోర్టుకు చూపడానికి మా రిపోర్టు కావాల్సొచ్చింది, అంతేనా డాక్టరుగారూ?”

డాక్టరు డైరీ తీసి బల్ల మీద పెట్టింది. “మంటల్లోంచి తనను నాన్నే ఎత్తుకొచ్చాడని చెప్పింది, మొదటి రోజు. భయంతో అసలు సంగతి దాస్తోందనుకున్నాను. నా పరిశోధనంతా దాని మీదే కదా. మొన్న మళ్లీ విన్నాను. విని, కాల్చేశాను.”

“ఆ ముక్క రాసి సంతకం పెట్టండి,” అన్నాడు లాయరు.

అసిస్టెంటు గుండె తేలికపడింది. “నాన్న బయటికొస్తారమ్మా, వెళ్లి ఇంటికి తెచ్చుకో,” అన్నాడు.

కూతురు కళ్లు గట్టిగా మూసుకుని తెరిచింది.

“ఆయన ఏ పాపమూ ఎరగడని తెలిసిందండీ. కానీ కళ్లు మూస్తే ఇప్పటికీ ఆయన చేతిలో ఈ డబ్బానే ఉంది. నన్ను ఎత్తుకున్నది మాత్రం గుర్తు రావడం లేదు.”